ఐరాస తుపాకుల ఒప్పందం అంటే అమెరికా కన్జర్వేటివ్‌లకి ఎందుకంత అనుమానం? ఇండియా ఎందుకు సంతకం పెట్టలేదు?

టెక్సాస్ తెలుగోడు:
డాలస్ దగ్గర ఉంటాను. ఆఫీసులో సగం మందికి తుపాకులున్నాయి, ఈ మధ్య నేనూ ఇంకో ఇద్దరు తెలుగు కొలీగ్స్ కూడా షూటింగ్ రేంజ్‌కి వెళ్తున్నాం. అక్కడి పెద్దవాళ్ల ముందు ఐక్యరాజ్యసమితి పేరెత్తితే చాలు, మొహాలు మాడిపోతాయి. "మన తుపాకులు లాక్కోడానికి వాళ్లొక ఒప్పందం రాశారు, ట్రంప్ అడ్డుపడ్డాడు కాబట్టి బతికిపోయాం" అంటారు. ఇటు మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన "ఆ ఒప్పందానికి ఇండియా కూడా ఒప్పుకోలేదు, కాబట్టి అమెరికా కన్జర్వేటివ్‌లు చెప్పేదే కరెక్ట్" అని పోస్టు పెట్టారు. అసలు అందులో ఏముంది? మనవాళ్లు ఎందుకు ఒప్పుకోలేదు? రిపబ్లికన్, డెమొక్రాట్ గొడవ లేకుండా ఎవరైనా చెప్పండి.

కోర్టు పక్షి:
గొడవ లేకుండానా, ఈ ఫోరంలోనా 😄

సరే చెప్తా. మీ రేంజ్ పెద్దలు అంటున్నది ఆయుధ వ్యాపార ఒప్పందం గురించి, ఏటీటీ అంటారు. 2013 ఏప్రిల్ 2న జనరల్ అసెంబ్లీలో ఓటింగ్ జరిగింది: అనుకూలం 154, వ్యతిరేకం 3, తటస్థం 23. ఆ వ్యతిరేకించిన మూడూ ఇరాన్, ఉత్తర కొరియా, సిరియా. ఇండియా, చైనా, రష్యా తటస్థంగా ఉండిపోయాయి. 2014 డిసెంబర్ 24 నుంచి అమల్లో ఉంది. మొత్తం 28 ఆర్టికల్స్, ఒక సాయంత్రం కూర్చుంటే చదివేయొచ్చు. యుద్ధ ట్యాంకుల దగ్గర్నుంచి చిన్న ఆయుధాల దాకా ఎనిమిది రకాలు, వాటిని ఒక దేశం ఇంకో దేశానికి అమ్మేటప్పుడు పాటించాల్సిన రూల్స్, అంతే. వాటితో మారణహోమం జరుగుతుందని తెలిసి కూడా పంపకూడదు, పంపే ముందు అవి ఎవరి చేతిలో పడతాయో అంచనా వేసుకోవాలి. సొంత దేశంలో తుపాకుల మీద ఎలాంటి చట్టం చేసుకోవాలన్నది పూర్తిగా ఆ దేశం హక్కు అని పీఠికలోనే ఉంది. ఆటలకీ వినోదానికీ చట్టప్రకారం తుపాకీ ఉంచుకోవడాన్ని కూడా గుర్తించారు. ఇంట్లో తుపాకీ లాక్కోమని ఎక్కడా లేదు.

ఫ్రిస్కో మామ:
వచ్చేశాడండీ లాయరు. బాబూ, నేనూ చదివాను ఆ కాగితం. ఇరవై ఏళ్లు దాటింది నేనిక్కడికొచ్చి, రెండు పిస్టళ్లు, ఒక రైఫిల్ ఉన్నాయి, రిపబ్లికన్లకే ఓటేస్తాను, ముందే చెప్పేస్తున్నా. 2013 టెక్స్టు ఒక్కటే చూపించి "చూశారా ఏమీ లేదు" అనడం సగం కథ చెప్పడమే. 2001 జూలైలో న్యూయార్క్‌లో చిన్న ఆయుధాల మీద ఐరాస మొదటి పెద్ద సమావేశం జరిగింది. పౌరుల దగ్గర ఉండే తుపాకుల మీద నియంత్రణ పెట్టాలన్న మాట అప్పుడు చర్చలో నిజంగానే ఉంది, ఇక్కడి తుపాకీ యజమానుల సంఘం ఎన్ఆర్ఏ పుట్టించిన కథ కాదు. జాన్ బోల్టన్ అప్పుడు విదేశాంగ శాఖలో ఆయుధ నియంత్రణ చూసే అధికారి, మొదటి రోజే లేచి చెప్పేశాడు, పౌరుల తుపాకుల జోలికి వస్తే ఒప్పుకోం, చట్టబద్ధమైన వ్యాపారాన్ని అడ్డుకుంటే ఒప్పుకోం, ఎన్జీవోల ప్రచారానికి ఐరాస డబ్బు పెడతానంటే ఒప్పుకోం అని. చివరికి ఆ ముక్క తీసేశారు. సమావేశానికి అధ్యక్షత వహించిన కొలంబియా దౌత్యవేత్త కామిలో రేయెస్ అయితే ఒక్క దేశం పట్టుదల వల్ల దాన్ని వదిలేయాల్సి వచ్చిందని బాహాటంగానే నిరాశ వ్యక్తం చేశాడు. బోల్టన్ అడ్డం పడకపోయుంటే అది ఉండేది. 2013 కాగితంలో లేదంటే ఊరికే లేదా, ముందే గొడవపడ్డాం కాబట్టి లేదు.

టెక్సాస్ తెలుగోడు:
మామా ఇది నాకు తెలీదు. అంటే మావాళ్ల భయం పూర్తిగా గాలి కబురు కాదన్నమాట.

పాత పేపర్:
గాలి కూడా బోలెడంత కలిసింది లెండి. నేను డెస్క్ మీద ఉన్న రోజుల్లో 2006లో ఇదే చిన్న ఆయుధాల మీద సమీక్షా సమావేశం జరిగింది, జూన్ ఆఖరు నుంచి జూలై 7 దాకా. జూలై 4న, అమెరికా స్వాతంత్ర్య దినం రోజునే ఐరాస తుపాకుల నిషేధం ఖరారు చేస్తోందని ఎన్ఆర్ఏ తన సభ్యుల్లో ప్రచారం చేసింది. సమావేశానికి అధ్యక్షుడు శ్రీలంక దౌత్యవేత్త ప్రసాద్ కారియవసం. ఆయనకి లక్షకు పైగా ఉత్తరాలొచ్చాయి. జూలై 4న ఐరాస ఆఫీసుకి సెలవు, ఆ రోజు అక్కడ ఎవరూ కూర్చోలేదు. మేము పౌరుల తుపాకుల మీద నిషేధం గురించి మాట్లాడుకోవడం లేదని కోఫీ అన్నన్ ప్రారంభంలోనే చెప్పాల్సి వచ్చింది. ఇంత చేసి ఆ సమావేశం ఏ ఫలితమూ లేకుండా ముగిసింది, ఉమ్మడి పత్రం మీద కూడా ఏకాభిప్రాయం కుదరలేదు.

పైగా ఐరాస ఆఫీసు ముందు గొట్టం ముడేసిన పెద్ద రివాల్వర్ శిల్పం ఒకటుంటుంది, 1988లో లక్సెంబర్గ్ బహుమతిగా ఇచ్చింది. ఎన్ఆర్ఏ వాళ్లకి అంతకంటే మంచి పోస్టర్ ఎక్కడ దొరుకుతుంది చెప్పండి.

సీమ కుర్రోడు:
మీరంతా ఐరాస వచ్చి తుపాకీ లాక్కుంటాదేమోనని భయపడతాండారు. మాకైతే ఎలక్షన్ నోటిఫికేషన్ వస్తే చాలు 😂

మా తాత పేరు మీద లైసెన్సుండే 12 బోర్ డబల్ బ్యారెల్ ఉంది, చేలో అడవి పందుల కోసమని తీసుకున్నది. ఎలక్షన్ వచ్చిన ప్రతిసారీ స్టేషన్ నుంచి ఫోనొస్తాది. గన్ను గోనెపట్టాలో చుట్టుకొని, లైసెన్స్ పుస్తకం పట్టుకొని పోవల్ల, రైటరు నంబరు చూసి రసీదు రాసిస్తాడు, ఫలితాలు వచ్చినాక మళ్లా పోయి తెచ్చుకోవల్ల. ఒకసారి వర్షాకాలంలో పెట్టి తెచ్చుకుంటే ట్రిగ్గర్ గార్డు దగ్గర తుప్పు, లోపల గొట్టంలో సాలెగూడు. ఎవర్నడగాల? బ్యాంకు గార్డులకు మినహాయింపు ఉంటాది, మా తాతకు ఉండదు. మా ఊర్లో గొడవలకు నాటు బాంబులు వాడినోళ్లలో ఏ ఒక్కడూ లైసెన్సు పుస్తకం తీసుకొని స్టేషన్‌కు పోయినోడు కాదు మరి. ఆ లెక్కన ఫ్రిస్కో మామ చెప్పేది నాకు అర్థమవుతాది.

ఫ్రిస్కో మామ:
సీమ కుర్రోడు, నువ్వు నా మనిషివి. నా వాదన మొత్తం అదే. రూలు పాటించేవాడికే ఇంకో రూలు, పాటించనివాడికి ఏమీ లేదు. అంతర్జాతీయ ఒప్పందం కూడా అంతే. జర్మనీ, జపాన్ సంతకం పెడతాయి, వాళ్లు ముందే జాగ్రత్తగా ఉంటారు. ఇరాన్, ఉత్తర కొరియా పెట్టవు.

కోర్టు పక్షి:
సీమ బ్రో, మీ తాత గన్ను డిపాజిట్ చేయించేది మన 1959 ఆయుధాల చట్టం, మన కలెక్టరు, మన ఎస్పీ. ఐరాసకి అక్కడ పనేమీ లేదు. 2019లో ఆ చట్టాన్ని సవరించి, మనిషికి మూడు తుపాకులు ఉండొచ్చన్నది రెండుకి తగ్గించారు. మొదట ఒకటికే తగ్గిద్దామనుకున్నారు, గొడవ అయ్యేసరికి రెండు చేశారు. ఏటీటీలో సంతకం కూడా పెట్టని దేశం చేసిన పని ఇది. మామ చెప్పే భయానికి ఇదే జవాబు అనుకుంటా, లాక్కోవాలనుకునే ప్రభుత్వానికి న్యూయార్క్ పర్మిషన్ అక్కర్లేదు.

పాత పేపర్:
కొసరు ఒకటి. తుపాకీ ఉంచుకునే హక్కు 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో ఉంది, నిబంధనలకు లోబడి అన్న షరతుతో. అది చూపించే 1948 డిసెంబర్లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దాన్ని ప్రాథమిక హక్కుల్లో పెట్టమన్నారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు, వీగిపోయింది. అందుకే అమెరికా రాజ్యాంగంలో తుపాకీ హక్కునిచ్చే రెండో సవరణ వాదన ఇక్కడ నిలబడదు. ఈ విషయం తెలియకుండా మనవాళ్లు అమెరికా వాట్సాప్ ఫార్వర్డులు చదివి ఊగిపోతుంటారు.

విదేశాంగం:
టెక్సాస్ గారు అడిగిన రెండో ప్రశ్నని అందరూ వదిలేశారు. నేను ఈ ఆయుధ ఒప్పందాల సంగతులు చాలా కాలంగా చూస్తున్నాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

ఓటింగ్ అప్పుడు ఇండియా తరఫున వివరణ ఇచ్చింది సుజాతా మెహతా, జెనీవాలో నిరాయుధీకరణ సదస్సుకి మన ప్రతినిధి. అభ్యంతరాలు ప్రధానంగా రెండు. ఒకటి, టెర్రరిస్టులకీ ప్రభుత్వేతర ముఠాలకీ ఆయుధాలు చేరకుండా చేసే విషయంలో ఒప్పందం బలహీనంగా ఉంది, సూటిగా ఒక నిషేధం కూడా లేదు. రెండోది, అమ్మే దేశాలకి కొనే దేశాల మీద పెత్తనం వచ్చేలా ఉంది, అంటే మనం డబ్బు కట్టి కొనుక్కున్న రక్షణ సామగ్రిని వాళ్లు మధ్యలో ఏదో కారణం చెప్పి ఆపేయడానికి దారి దొరుకుతుంది. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ఆయుధాలు దిగుమతి చేసుకునే దేశాల్లో మనదొకటి, ఆ భయం మనకి సహజం.

ఇప్పుడు ఫ్రిస్కో మామ చెప్పిన 2001కి వెళ్లండి. బోల్టన్ గీసిన గీతల్లో ఇంకొకటి ఉంది, మామ దాన్ని చెప్పకుండా దాటేశారు. ఆయుధాలు ప్రభుత్వాలకే అమ్మాలి, ప్రభుత్వేతర శక్తులకి అమ్మకూడదు అన్న ప్రతిపాదనని కూడా అమెరికా కొట్టిపారేసింది. ఆఫ్రికా దేశాలు గట్టిగా అడిగింది అదే. తమని చంపేస్తున్న ప్రభుత్వం మీద తిరగబడే జనానికి సాయం చేసే దారి మూసుకుపోతుందన్నది బోల్టన్ వాదన. అంటే అమెరికా కన్జర్వేటివ్‌లకి ఒప్పందం మరీ కఠినమైంది, మనకి అదే విషయంలో మరీ మెతకది. మీ గ్రూపులో పెద్దాయన ఇద్దరినీ ఒకే గాటన కట్టేశారు.

అసలు మన కశ్మీర్‌లోకి ఏకే రైఫిళ్లు ఎలా వచ్చాయి? 1980లలో సోవియట్ల మీద పోరాటానికని అమెరికా డబ్బుతో ఆయుధాలు ఐఎస్ఐ చేతుల మీదుగా అఫ్గాన్ ముజాహిదీన్లకి వెళ్లాయి, అందులో కొంత దారి మళ్లి ఇటొచ్చింది. 1995 డిసెంబర్ 17 రాత్రి పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో ఒక ఆంటొనోవ్ విమానం వందల ఏకే రైఫిళ్లూ పది లక్షలకు పైగా తూటాలూ పారాచూట్లు కట్టి పల్లెల మీద జారవిడిచింది. పొద్దున్నే లేచిన రైతులకి పొలాల్లో పెట్టెలు కనిపించాయి. తర్వాత పట్టుబడిన పీటర్ బ్లీచ్ బ్రిటిష్ ఆయుధ వ్యాపారి. ఆ సరుకు కొనడానికి వాడిన కాగితాల మీద అది ఇంకో దేశానికి వెళ్తున్నట్టు ఉంది. ఇలాంటివి చూసిన దేశం "ప్రభుత్వేతర" అన్న చోట పట్టుబట్టడం వింతేమీ కాదు.

భానుమతి బే ఏరియా:
👏 ఇది వాట్సాప్ గ్రూపుకి పంపాలి.

ఫ్రిస్కో మామ:
విదేశాంగం గారూ, బాగా రాశారు, కానీ 1971 ఏమైంది? ముక్తి బాహినికి ఆయుధాలిచ్చి, ట్రైనింగ్ ఇచ్చింది ఎవరు? ఆ రోజు వాళ్లు ప్రభుత్వమా? ఢాకాలో ఉన్న ప్రభుత్వం పాకిస్తాన్‌ది. మీరు అడిగే నిషేధమే అప్పుడు ఉండుంటే ఇందిరాగాంధీ గారు అంతర్జాతీయ చట్టం ఉల్లంఘించినట్టే కదా. బోల్టన్ చెప్పింది సరిగ్గా అదే కేసు.

విదేశాంగం:
మామా, ఇది గట్టి ప్రశ్న, కాదనను. 1971 విషయంలో మీ వాదన నిలబడుతుంది. కానీ ఇదే దేశం 1980లలో శ్రీలంక తమిళ సంస్థలకి కూడా ట్రైనింగ్ ఇచ్చింది, ఆ తర్వాత శాంతి సేనగా వెళ్లి వెయ్యిమందికి పైగా జవాన్లని పోగొట్టుకుంది, చాలామంది చనిపోయింది ఎల్టీటీఈ చేతుల్లోనే. ఏ తిరుగుబాటుదారు మంచివాడో ఇచ్చేవాడికి ఆ రోజు తెలీదు. ఢిల్లీ వైఖరి మారడానికి ఈ అనుభవం కూడా ఒక కారణం అయ్యుండొచ్చు, అది నా అభిప్రాయం మాత్రమే.

ఫ్రిస్కో మామ:
మరి ఇది మంచిది, అది చెడ్డది అని నిర్ణయించేది ఎవరు? ఎన్నికైన ప్రభుత్వమా, జెనీవాలో కూర్చున్న సెక్రటేరియటా? కన్జర్వేటివ్ అడిగే ప్రశ్న చివరికి అదొక్కటే. తుపాకీ తర్వాత సంగతి.

టొరంటో సుబ్బలక్ష్మి:
కెనడా నుంచి చిన్న మాట. ఇక్కడ ఇదే గొడవ ఇంకో రూపంలో నడిచింది. హార్పర్ కన్జర్వేటివ్ ప్రభుత్వం 2012లో లాంగ్ గన్ రిజిస్ట్రీ, అంటే రైఫిళ్లూ షాట్‌గన్ల నమోదు, ఎత్తేసింది, వేటగాళ్లకీ రైతులకీ ఇబ్బందని. వాళ్లున్నన్నాళ్లూ ఏటీటీలో చేరలేదు. ట్రూడో వచ్చాక 2019లో చేరాం. దానికోసం తెచ్చిన బిల్లు మీద కన్జర్వేటివ్ ఎంపీలు "ఈ రికార్డుల పేరుతో రిజిస్ట్రీని దొడ్డిదారిన తెస్తున్నారు" అని పార్లమెంటులో గట్టిగా అరిచారు. మావారి స్నేహితుడొకాయన ఇక్కడ వేటకి వెళ్తారు, ఏటీటీ వల్ల ఆయన కొత్తగా నింపిన ఫారం ఒక్కటీ లేదట. తర్వాత తుపాకుల మీద వచ్చిన నిషేధాలన్నీ ఒట్టావా సొంతంగా చేసినవి. ఇంకో తమాషా, ఒప్పందంలో చేరాక కూడా అమెరికాకి వెళ్లే ఆయుధాల్లో చాలావాటికి ఎగుమతి పర్మిట్ అక్కర్లేదన్న పాత పద్ధతి అలాగే ఉంచారు. అంటే పెద్ద కస్టమర్ దగ్గరే మినహాయింపు!

టెక్సాస్ తెలుగోడు:
సరే, లాక్కోవడం లేదని అర్థమైంది. మరి ఆ రికార్డుల సంగతేంటి? మా రేంజ్ పెద్దాయన ఆర్టికల్ 12, ఆర్టికల్ 12 అని పదిసార్లు అన్నాడు.

ఫ్రిస్కో మామ:
ఆ పెద్దాయనకి నా నమస్కారాలు చెప్పు. ఇక్కడ జనం కొనే తుపాకుల్లో బయట దేశాలవి ఎన్నో. గ్లాక్ ఆస్ట్రియా, బెరెట్టా ఇటలీ, టారస్ బ్రెజిల్, మూడు దేశాలూ ఏటీటీలో ఉన్నాయి. దిగుమతుల రికార్డు కూడా ఉంచమని, అందులో మోడల్, చివరికి వాడేది ఎవరన్నది కూడా రాస్తే మంచిదని ఆర్టికల్ 12 ప్రోత్సహిస్తుంది, ఎగుమతి దేశం అడిగితే సమాచారం ఇవ్వాలని ఆర్టికల్ 8 చెప్తుంది. చివరికి వాడేవాడు అంటే దిగుమతి కంపెనీయా, షాపులో కొన్న నేనా? ఒప్పందంలో నిర్వచనం లేదు. 1986 చట్టం ప్రకారం తుపాకీ యజమానుల జాబితా తయారుచెయ్యడం ఫెడరల్ ప్రభుత్వానికి నిషిద్ధం. తుపాకీ కొన్నప్పుడు నేను నింపిన 4473 ఫారం డీలర్ బీరువాలో ఉంటుంది, ప్రభుత్వం దగ్గర కాదు. షాపు మూసేస్తేనే ఆ కాగితాలు వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌కి వెళ్తాయి, అక్కడ కూడా పేరు కొట్టి వెతికే వీల్లేకుండా స్కాన్ చేసి పెడతారు. అంత కష్టపడి కట్టుకున్న గోడకి ఈ ఒప్పందం కన్నం పెడుతుందన్నది మా అనుమానం.

కోర్టు పక్షి:
ఆర్టికల్ 12లో రెండు వేర్వేరు భాషలున్నాయి మామా. ఎగుమతి రికార్డులు "ఉంచాలి", దిగుమతి రికార్డులు "ఉంచమని ప్రోత్సహిస్తున్నాం". తప్పనిసరి కాదు. నిర్వచనం లేదన్నది మాత్రం నిజం, అది రాసినవాళ్ల లోపమే.

ఇక రాజ్యాంగం. 1957లో రీడ్ వర్సెస్ కోవర్ట్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పందం పేరుతో రాజ్యాంగ హక్కుల్ని తీసెయ్యలేరని చెప్పింది. 2008 హెల్లర్ తీర్పుతో ఇంట్లో ఆత్మరక్షణకి తుపాకీ వ్యక్తిగత హక్కు అయింది. రెండూ కలిపి చదివితే సెనేట్ ఆమోదించినా ఏటీటీ మీ బెడ్‌రూమ్ దాకా రాదు.

ఫ్రిస్కో మామ:
1920 వలస పక్షుల కేసు ఎందుకు వదిలేశావు? పేరులోనే పక్షి ఉంది కదా నీకు!

కోర్టు పక్షి:
😂 దొరికిపోయా. మిస్సోరి వర్సెస్ హాలండ్. మామూలుగా కాంగ్రెస్‌కి లేని అధికారం కూడా ఒప్పందం అమలు కోసం చట్టం చేస్తే వస్తుందని ఆ తీర్పు. కన్జర్వేటివ్ లాయర్లు నిజంగా భయపడేది దానికే, ఆ భయంలో పస ఉంది. ఇప్పటికీ ఎవరూ కొట్టెయ్యలేదు. 2014లో బాండ్ కేసులో దాన్ని తేలుస్తారనుకుంటే కోర్టు పక్కకి జరిగి వేరే కారణంతో తేల్చేసింది. అయినా ఆ అధికారం కూడా రెండో సవరణకి లోబడే.

భానుమతి బే ఏరియా:
ఇంత చట్టం మాట్లాడుతున్నారు, అసలు మనుషుల గురించి ఎవరూ అనరేం. మన పిల్లలు మాస్టర్స్‌కి వచ్చి రాత్రిళ్లు గ్యాస్ స్టేషన్లలో, స్టోర్లలో పనిచేస్తూ కాల్పుల్లో పోయిన వార్తలు ఎన్ని చదివాం. ఇక్కడి తుపాకులే సరిహద్దు దాటి మెక్సికో కార్టెల్స్‌కి పోతున్నాయి. మెక్సికోలో చట్టప్రకారం తుపాకీ అమ్మేది సైన్యం నడిపే ఒకటి రెండు దుకాణాలే. వాళ్లు అమెరికా తుపాకీ కంపెనీల మీద కేసు వేస్తే 2025 జూన్‌లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. మరి దీనికి మందేమిటి?

ఫ్రిస్కో మామ:
అమ్మా భానుమతీ, పిల్లల విషయంలో నీ బాధే నా బాధ, మా అపార్ట్‌మెంట్లలో కూడా స్టోర్‌లో చేసే కుర్రాళ్లున్నారు. కానీ ఆ తుపాకులు ఇక్కడే కొన్నవో, దొంగిలించినవో. దేశం లోపల అమ్మకాల్ని ఏటీటీ ముట్టుకోదు, ఇందాక మన లాయరే చెప్పాడు. లాక్కుంటుందన్న భయం ఎంత తప్పో, కాపాడుతుందన్న ఆశా అంతే తప్పు. మెక్సికో అంటావా, ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ మర్చిపోయావా? తుపాకుల చట్టాలు చూసే మన ఫెడరల్ ఏజెన్సీ ఏటీఎఫ్ వాళ్లే ముఠాల గుట్టు కనిపెడదామని 2009 నుంచి దాదాపు రెండు వేల తుపాకుల్ని చూస్తూ చూస్తూ వదిలేశారు. 2010 డిసెంబర్లో బోర్డర్ పెట్రోల్ ఏజెంట్ బ్రయన్ టెరీ చనిపోయిన చోట అందులోవి రెండు దొరికాయి. సొంత ఏజెన్సీ లెక్కే తేలనప్పుడు ప్రపంచం లెక్క ఎవరు తేలుస్తారు?

భానుమతి బే ఏరియా:
ఒక ఏజెన్సీ చెత్త పని చేసిందని అన్ని రూల్సూ దండగ అంటే ఎలా అండీ. ఆ లెక్కన ఇన్‌కమ్ ట్యాక్స్ కూడా ఎత్తెయ్యాలి.

ఫ్రిస్కో మామ:
ఎత్తేస్తే సంతోషమే 😁

విదేశాంగం:
భానుమతి గారూ, మామకి సాయం చెయ్యడం నా పని కాదు గానీ ఒప్పందం పనితనం గురించి ఒక సంగతి చెప్పాలి. బ్రిటన్ ఏటీటీ కోసం మొదట్నుంచీ ముందుండి నడిచిన దేశం, 2014లోనే ఆమోదించింది. అయినా యెమెన్ యుద్ధం నడుస్తుండగా సౌదీకి ఆయుధాలు అమ్ముతూనే ఉంది. 2019 జూన్‌లో అప్పీల్ కోర్టు, లైసెన్సులిచ్చిన పద్ధతి చట్టవిరుద్ధమంది, పాత దాడుల్లో మానవతా చట్టం ఉల్లంఘన జరిగిందో లేదో ప్రభుత్వం అంచనా వెయ్యనే లేదని. ఏడాది తర్వాత ప్రభుత్వం మళ్లీ లెక్కలు వేసి, జరిగినవన్నీ విడివిడి ఘటనలంటూ 2020 జూలైలో అమ్మకాలు మొదలుపెట్టింది. కన్జర్వేటివ్‌ల విమర్శల్లో నాకు అన్నిటికంటే బరువైనది ఇదే. తుపాకులు లాక్కుంటుందన్న దాంట్లో పస లేదు, పెద్ద ఎగుమతిదారుని ఆపే శక్తి దానికి లేదన్నదాంట్లో ఉంది. ఒప్పందం ఉండబట్టే కనీసం కోర్టులో అడిగే వీలు దొరికిందనే వాళ్లూ ఉన్నారు. కానీ ఆ కేసు ప్రధానంగా బ్రిటన్ సొంత లైసెన్సు నిబంధనల మీదే నడిచింది.

టెక్సాస్ తెలుగోడు:
ఇంతకీ అమెరికా ఇప్పుడు లోపలా బయటా?

పాత పేపర్:
బయట. 2006లో జనరల్ అసెంబ్లీలో దీనికి శ్రీకారం చుట్టినప్పుడు 153 దేశాలు సరే అంటే వద్దన్నది అమెరికా ఒక్కటే, బుష్ హయాం. ఒబామా వచ్చాక 2009లో ఏకాభిప్రాయం ఉంటే చర్చలకి సరే అన్నారు. 2012 జూలైలో 51 మంది సెనేటర్లు ఒబామాకి ఉత్తరం రాశారు, చర్చలు ఆ నెలాఖరుకి ఆగిపోయాయి. 2013 మార్చిలో సెనేట్ 53-46తో వద్దని ఓటేసింది, అందులో కొంతమంది డెమొక్రాట్లు కూడా ఉన్నారు. ఆ సెప్టెంబర్లో విదేశాంగ మంత్రి జాన్ కెర్రీ సంతకం పెట్టారు, సెనేట్ మాత్రం ఎప్పుడూ ఆమోదించలేదు. 2019 ఏప్రిల్ 26న ఇండియానాపొలిస్‌లో ఎన్ఆర్ఏ సభలో ట్రంప్ వేదిక మీదే కాగితం మీద సంతకం చేసి పెన్ను జనంలోకి విసిరేశాడు. జూలైలో ఐరాసకి అధికారికంగా రాశారు. తర్వాత బైడెన్ నాలుగేళ్లున్నా ఆ ఉత్తరం వెనక్కి తీసుకోలేదు. మజా ఏంటంటే 2020 జూలైలో చైనా చేరింది.

సీమ కుర్రోడు:
చైనా చేరిందా?! అయితే ఇంక దాని విలువ నాకు అర్థమైపాయ.

విదేశాంగం:
చేరి, ప్రభుత్వేతర శక్తులకి ఆయుధాలు అమ్మం అని గొప్పగా చెప్పుకుంటోంది. మన డిమాండు వాళ్ల నోట.

ఫ్రిస్కో మామ:
ఆఖరిది చెప్పి పడుకుంటా, రేపు ఆఫీసుంది. ఆర్టికల్ 20 చూడండి. అమల్లోకి వచ్చిన ఆరేళ్ల తర్వాత, అంటే 2020 డిసెంబర్ నుంచి, ఏకాభిప్రాయం కుదరకపోతే హాజరై ఓటేసిన దేశాల్లో నాలుగింట మూడొంతులతో సవరణ చెయ్యొచ్చు. ఇవాళ లేని రూలు రేపు రావచ్చు. సంతకం పెట్టేటప్పుడు చదివిన కాగితం, పదేళ్ల తర్వాత చేతిలో ఉండే కాగితం ఒకటి కాకపోవచ్చు.

కోర్టు పక్షి:
అదే ఆర్టికల్ ఇంకో పేరా కిందకి చదవండి మామా. సవరణ దాన్ని విడిగా అంగీకరించిన దేశాలకే వర్తిస్తుంది. ఇప్పటిదాకా అలాంటి సవరణ ఒక్కటీ రాలేదు.

ఫ్రిస్కో మామ:
అంగీకరించే ప్రెసిడెంట్ వస్తే?

కోర్టు పక్షి:
సెనేట్‌లో మూడింట రెండొంతులు కావాలి, అంటే 67. మీకు అడ్డుకోడానికి 34 చాలు.

ఫ్రిస్కో మామ:
ఆ 34 ఎప్పుడూ ఉండేలా చూసుకోవడమే మా పని. గుడ్ నైట్. సీమ కుర్రోడూ, తాత గన్ను గొట్టంలో సాలెగూడు ఉంటే కాల్చే ముందు రాడ్‌కి గుడ్డ చుట్టి అటూ ఇటూ రెండుసార్లు లాగండి, ముందు నూనె పొయ్యొద్దు.